దున్నిన భూమి కోసం ఐదు ఊళ్లు: కుమ్రం భీం కుటుంబ కథ

ఆశ్వయుజ పౌర్ణమి దగ్గర పడితే మన గూడేలన్నీ జోడేఘాట్ దారి పడతాయి. కెరమెరి గుట్టల మీదుగా జీపుల్లో, ఆటోల్లో, ట్రాక్టర్లలో, కాలినడకన జనం వస్తారు. సమాధి దగ్గర పేన్ పూజ జరుగుతుంది, తుడుం మోగుతుంది, జెండాలు లేస్తాయి. తారీఖు లెక్కన కాకుండా తిథి లెక్కన మన పెద్దలు కుమ్రం భీం వర్ధంతి జరుపుకుంటున్నారు. సంవత్సరం మాత్రం అందరికీ నోటికి వచ్చినదే, 1940.

ఈ సంచిక కోసం భీం జీవితం గురించి రాయమని సంఘం పెద్దలు అడిగినప్పుడు, ఆయన పోరాటం గురించి ఇప్పటికే చాలామంది రాశారు కదా అనుకున్నాను. 1983లో అల్లం రాజయ్య, సాహు కలిసి నవల రాశారు. అల్లాణి శ్రీధర్ సినిమా తీశారు. ఈ మధ్య వచ్చిన పెద్ద సినిమా వల్ల దేశమంతటా భీం పేరు తెలిసింది, అయితే అందులోది కల్పిత కథ. మా హాస్టల్ పిల్లలు భీం బొమ్మ గీయమంటే చేతిలో తుపాకీ, తలకు రుమాలు, వెనక గుట్టలు గీస్తారు. ఆ బొమ్మ తప్పని చెప్పను. కానీ తుపాకీ పట్టడానికి ముందు ఆయన నాగలి పట్టాడు, కాగితం పట్టాడు, కచేరీల మెట్లు ఎక్కాడు. ఆయన కుటుంబం భూమి కోసం ఊరి నుంచి ఊరికి నాలుగుసార్లు బతుకు మార్చుకుంది. ఆ ఐదు ఊళ్ల కథను పిల్లలకు చెప్పే పద్ధతిలోనే ఇక్కడ చెబుతాను.

సంకేపల్లి

అప్పట్లో జనగాం అని కూడా పిలిచిన ఆసిఫాబాద్ ప్రాంతంలో సంకేపల్లి ఉంది. ఇరవయ్యో శతాబ్దం మొదలవుతున్న రోజుల్లో అక్కడి గోండు కుటుంబంలో భీం పుట్టాడు. తండ్రి చిన్ను, తల్లి సోంబాయి. కుమ్రం అనేది ఇంటిపేరుగా రాస్తున్నాం గానీ, అది మన గోండుల్లో ఒక పాడి, అంటే గోత్రం. కొందరు కొమురం అని, కొందరు కొమరం అని రాస్తారు. పేరు ఒకటే.

ఆ కుటుంబం బతికిన నేల సరిహద్దు నేల. ఉత్తరాన పెన్‌గంగ, వార్ధా, తూర్పున ప్రాణహిత. ఇవతల నిజాం రాజ్యం, అవతల ఇంగ్లీషు వాళ్ల మధ్య పరగణాలు. అంతకు ముందు ఈ అడవుల మీద చాందా గోండు రాజుల పాలన సాగింది. 1751లో చాందా రాజ్యం నాగపూర్ మరాఠా భోంస్లేల చేతికి పోయింది. తర్వాత ఈ దక్షిణపు ముక్క నిజాం కిందికి వచ్చింది. రాజులు మారినా, గూడెంలో పట్లా, దేవారి, కటోడా, వాళ్లు నడిపే పంచాయతీ చాలాకాలం అలాగే సాగాయి. ఎవరు ఎక్కడ దున్నాలో ఊరే తేల్చుకునేది.

మన వాళ్ల వ్యవసాయ పద్ధతి అర్థం కాకపోతే ఈ గొడవంతా అర్థం కాదు. గుట్టల మీద తేలిక నేలలు ఉంటాయి. వాటిని రెండు మూడేళ్లు దున్ని, బలం తగ్గగానే కొన్నేళ్లు పడావు వదిలేవాళ్లు. ఆ లోపు ఇంకో చోట చెట్టు కొట్టి చేను చేసుకునేవాళ్లు. లోయల్లో నల్లరేగడి ఉంటే యాసంగి జొన్న వేసేవాళ్లు. గోండులు ఎద్దులతో నాగలి దున్నితే, కోలాములు, నాయకపోడులు గుట్ట వాలుల్లో పోడు కొట్టుకునేవాళ్లు. పడావు నేల వదిలేసిన నేల కాదని, అది విశ్రాంతి తీసుకుంటున్న నేల అని ఊరందరికీ తెలుసు. సర్కారు దఫ్తరుకు మాత్రం తెలియదు.

నిజాం సర్కారు భూములు కొలిపించి పట్టాలు రాయించే పద్ధతి తెచ్చినప్పుడు ఇక్కడే దెబ్బ తగిలింది. కొలతకు వచ్చిన అమీన్‌కు, పట్వారీకి ఉర్దూ తెలుసు, మరాఠీ తెలుసు. గోండీ రాదు. మన వాళ్లకు చదువు రాదు, కచేరీ భాష రాదు. పట్టా అనే కాగితం లేకపోతే తాతల నాటి చేను తనది కాకుండా పోతుందన్న ఊహ కూడా వాళ్లకు లేదు. ఎవరికి రాత తెలుసో, ఎవరికి పట్వారీతో పరిచయం ఉందో వాళ్ల పేర్లు దఫ్తరుకు ఎక్కాయి. పడావు పడ్డ చేన్లు బయటి నుంచి వచ్చిన రైతుల పేరనో, అడవి కిందో పడిపోయాయి. ఇంకో వైపు నుంచి జంగ్లాత్ వాళ్లు, అంటే అటవీ శాఖ వాళ్లు, రిజర్వు అడవి గీతలు గీస్తూ వచ్చారు. ఆ గీత కొన్నిచోట్ల చేను మధ్య నుంచి, కొన్నిచోట్ల గూడెం మీదుగానే పోయింది. వంట కట్టెకు, ఇంటి వాసానికి, పశువుల మేతకు సుంకం అడిగారు. కట్టలేనివాడు నేరస్థుడయ్యాడు.

అడవి మీద మన హక్కు గురించి నిలబడి మాట్లాడినందుకు చిన్నును జంగ్లాత్ సిబ్బంది చంపారని మన పెద్దలు తరతరాలుగా చెబుతున్నారు. అప్పటికి భీం పదిహేనేళ్ల పిల్లవాడు. మా హాస్టల్లో తొమ్మిదో తరగతి చదివే పిల్లల వయసు అది. తండ్రి పోయాక ఆ కుటుంబం సంకేపల్లిలో నిలవలేకపోయింది.

సార్దాపూర్

వాళ్లు కెరమెరి వైపు సార్దాపూర్ చేరారు. చెట్టు కొట్టి, మోడు తీసి, రాయి ఏరి, నేల సాగులోకి తెచ్చారు. కొత్త నేలను చేనుగా మార్చడం ఎంత కష్టమో పోడు చేసిన ఇంటి పిల్లలకు చెప్పనక్కర్లేదు. మొదటి ఏడాది గింజకన్నా మోడే ఎక్కువ కనిపిస్తుంది. పంట చేతికి వచ్చే వేళకు ఆ భూమి తన పట్టాలో ఉందని సిద్దిఖీ అనే భూస్వామి వచ్చాడు. ఆయన దగ్గర కాగితం ఉంది. వీళ్ల దగ్గర కోతకొచ్చిన పంట ఉంది.

1920 ప్రాంతంలో జరిగిన ఆ గొడవలో భీం దెబ్బకు సిద్దిఖీ చనిపోయాడు. ఈ సంగతి చెప్పేటప్పుడు నేను పిల్లల ముందు గొంతు పెంచను, దాచిపెట్టను కూడా. ఒక మనిషి ప్రాణం పోయింది. ఇరవై ఏళ్ల యువకుడు ఆ రోజే ఊరు విడిచి పారిపోవాల్సి వచ్చింది. భర్తను పోగొట్టుకున్న తల్లికి కొడుకు కూడా కనుచూపుకు దూరమయ్యాడు. పంట ఎవరిదని అడిగితే న్యాయం చెప్పే చోటు ఒక్కటి ఉండి ఉంటే, దున్నినవాడి మాట వినే అధికారి ఒక్కడు ఉండి ఉంటే, ఆ ఇద్దరి బతుకులూ వేరే తీరుగా సాగేవి. భూమి తగాదాను తీర్చాల్సిన వ్యవస్థ తీర్చకపోతే అది చివరికి చేనుగట్టు మీద తేలుతుంది. పిల్లలకు నేను చెప్పేది ఇంతే.

చాందా దాటి, అస్సాం దాకా

నది దాటితే నిజాం పోలీసులకు అధికారం లేదు. సరిహద్దు మనుషులకు ఈ సంగతి బాగా తెలుసు. స్నేహితుడు కొండల్‌తో కలిసి భీం కాలినడకన చాందా వైపు, అంటే నేటి చంద్రపూర్ వైపు వెళ్లిపోయాడు. అక్కడ విఠోబా అనే ఆయన అచ్చుయంత్రం నడుపుతున్నాడు. సర్కార్లకు వ్యతిరేకంగా పత్రిక వేసేవాడు. భీంను తన దగ్గర పనికి పెట్టుకున్నాడు.

ఒక టీచరుగా ఈ ఘట్టం నాకు చాలా ఇష్టం. బడి మెట్టు ఎక్కని గోండు యువకుడు అచ్చు అక్షరాల మధ్య చదువు నేర్చుకున్నాడు. ఉర్దూ, హిందీ, ఇంగ్లీషు అక్కడే పట్టుబడ్డాయి. సార్దాపూర్‌లో తమ పంటను ఓడించింది ఒక కాగితం. ఆ కాగితాలు ఎలా తయారవుతాయో, వాటిలో ఏం రాస్తారో ఇప్పుడు ఆయన స్వయంగా చదవగలడు. ఇరవై దాటిన వాళ్లకు ఇక చదువేం వస్తుందని మన ఊళ్లలో ఇప్పటికీ అంటారు. అలా అన్న ప్రతిచోటా నేను ఈ సంగతి చెబుతాను.

విఠోబాను పోలీసులు అరెస్టు చేశాక ఆ నీడ కూడా పోయింది. అప్పుడు భీం అస్సాం తేయాకు తోటలకు కూలీగా వెళ్లాడు. ఆ రోజుల్లో చోటానాగపూర్ నుంచి, ఒరిస్సా నుంచి, మధ్య పరగణాల నుంచి ఎందరో ఆదివాసులను ఆ తోటలకు తరలించేవాళ్లు. ముండాలు, ఉరావులు, సంతాలులు, గోండులు ఒకే కూలీ లైన్లలో ఉండేవాళ్లు. భూమి పోయినవాళ్ల కథ ప్రతి భాషలోనూ ఒకే రకంగా ఉంటుందని అక్కడ నాలుగైదేళ్లు బతికిన మనిషికి ఎవరూ వేరుగా చెప్పక్కర్లేదు. ఆ ఏళ్లలోనే, 1922 నుంచి 1924 వరకు, మన్యంలో అల్లూరి సీతారామరాజు నాయకత్వంలో రంప తిరుగుబాటు నడిచింది. అంతకు ముందు తరంలో బిర్సా ముండా ఛోటానాగపూర్‌లో లేచాడు. మన నేల మీదే 1860లో రాంజీ గోండును నిర్మల్‌లో ఉరి తీశారు. భీం పోరాటం ఒంటరిగా పుట్టింది కాదు.

తోటల్లో కూలీల తరఫున నిలబడినందుకు భీంను కూడా అరెస్టు చేశారు. కొద్ది రోజుల్లోనే ఆయన తప్పించుకుని, గూడ్సు బండి పట్టుకుని బల్లార్షా చేరాడు. అక్కడి నుంచి మళ్లీ నది దాటి మన అడవిలోకి వచ్చాడు.

కాకన్‌ఘాట్

తిరిగి వచ్చిన భీం కాకన్‌ఘాట్‌లో లచ్చు పటేల్ దగ్గర పనికి కుదిరాడు. పటేల్‌కు ఒక భూమి కేసు ఆసిఫాబాద్‌లో నడుస్తోంది. చదువు వచ్చిన భీం ఆ వ్యాజ్యంలో ఆయనకు తోడుగా నిలిచాడు. కచేరీకి తిరగడం, కాగితం చదివి చెప్పడం, ఏ అధికారి దగ్గర ఏం అడగాలో ఆలోచించడం. ఈ పనులతోనే చుట్టుపక్కల గూడేల్లో ఆయనకు పేరు వచ్చింది. కొట్లాటలో గెలిచి కాదు, దరఖాస్తు చదవగలిగి ఆయన మొదట నలుగురికీ తెలిశాడు. ఈ మాట మన యువకులు గుర్తుపెట్టుకోవాలి.

లచ్చు పటేల్ పెద్దరికం వహించి భీంకు పెళ్లి చేశాడు. భార్య పేరు కూడా సోంబాయి. అమ్మ పేరు, భార్య పేరు ఒకటే కావడంతో మా పిల్లలు పరీక్షల్లో తికమక పడతారు. మన పుస్తకాల్లో ఈ ఇద్దరు సోంబాయిల గురించి ఒకటి రెండు వాక్యాలకు మించి ఉండదు. అయినా మన ఇళ్లలో విత్తనం దాచేది, కలుపు తీసేది, జొన్న గటక వండేది, ఇల్లు కాలితే మళ్లీ అలికేది ఆడవాళ్లే. భూమి తగాదా మగవాళ్ల పేర్ల మీద నడుస్తుంది, దాని బరువు మాత్రం ఇంటి లోపల పడుతుంది. ఇద్దరు సోంబాయిలూ ఈ కథలో ఉన్నారని చెప్పకుండా నేను ముందుకు పోలేను.

బాబేఝరి

పెళ్లయ్యాక తన చేను తాను చేసుకోవాలని భీం తనవాళ్లతో బాబేఝరి చేరాడు. మళ్లీ అదే పని. చెట్టు, మోడు, రాయి, నాగలి. మళ్లీ అదే జవాబు. ఈ నేల సర్కారుది, ఖాళీ చేయాలని జంగ్లాత్ వాళ్లు వచ్చారు. గోండులు, కోలాములు అక్కడ కట్టుకున్న గుడిసెలు కాలిపోయాయి. పంట నాశనమైంది. అప్పట్లో ఇలాంటి ఊళ్లు గుట్టల్లో చాలానే ఉన్నాయి. వానాకాలం ముందు దున్నుకోమని కింది ఉద్యోగి చేయి చాచి తీసుకోవడం, పంట వేళకు ఇంకో ఉద్యోగి వచ్చి తగలబెట్టడం. తర్వాతి రోజుల్లో ఈ ప్రాంతమంతా తిరిగిన హైమండార్ఫ్ ఈ బాధలన్నీ తన నివేదికల్లో నమోదు చేశాడు.

ఇక్కడ భీం చేసిన పనిని గమనించాలి. సార్దాపూర్‌లోలాగా చేయి లేపలేదు. కాగితం తీశాడు. కింది అధికారులతో మాట్లాడాడు. అది పని చేయకపోతే నిజాంకే నేరుగా తమ బాధ విన్నవించుకోవడానికి ప్రయత్నించాడు. బాబేఝరి నుంచి హైదరాబాద్ అంటే ఆ రోజుల్లో ఎన్ని రోజుల ప్రయాణమో, గోండు రైతు చేతిలోని దరఖాస్తు ఎన్ని గుమ్మాలు దాటాలో ఊహించండి. ఆ మొరకు న్యాయం దక్కలేదు.

పాతికేళ్ల లోపే ఒకే కుటుంబానికి మూడోసారి చేను పోయింది. తండ్రి నిలబడి అడిగాడు, ప్రాణం పోయింది. కొడుకు తిరగబడ్డాడు, ఊరు పోయింది. మళ్లీ వచ్చి పద్ధతిగా దరఖాస్తు పెట్టుకున్నాడు, ఇల్లే కాలింది. ఇన్ని దారులు మూసుకుపోయాక జోడేఘాట్ దారి ఒక్కటే మిగిలింది.

జోడేఘాట్

అప్పుడు పన్నెండు ఊళ్లు ఒక్కటయ్యాయి. జోడేఘాట్, పట్నాపూర్, బాబేఝరి, టొకెన్నావాడ, చల్బరిడి, శివగూడ, భీమన్‌గొంది, కల్లెగాం, అంకుసాపూర్, నర్సాపూర్, కోషగూడ, లైన్‌పటర్. ఈ పేర్లు మా పిల్లలకు ఎక్కాల్లాగా నేర్పిస్తాను. వీటిలో తమ అమ్మమ్మ ఊరో, మేనమామ ఊరో ఉన్న పిల్లలు గట్టిగా చెబుతారు.

ఈ పోరాటం గోండులది మాత్రమే కాదు. కోలాములు కూడా మొదటి నుంచీ ఉన్నారు. భీం వెన్నంటి ఉన్న కుమ్రం సూరు కోలాం బిడ్డే. మన దగ్గర చాలా ఊళ్లలో అడవి దేవతకు పూజ చేసే హక్కు కోలాములదే, గోండులు కూడా వాళ్లనే పిలుస్తారు. ఆ పాత బంధం ఇక్కడ పోరు బంధం అయింది. ఈ తెగ పెద్దది, ఆ తెగ చిన్నది అంటూ ఇప్పుడు మనలో మనం లెక్కలు వేసుకునే వేళ ఈ సంగతి మరవకూడదు.

వాళ్లు అడిగింది మూడు. పారే నీరు, బతికే అడవి, దున్నే భూమి. భీం పేరు చెప్పగానే దేశమంతా తలచుకునే జల్, జంగల్, జమీన్ ఇవే. పశువుల మేతకు సుంకం కట్టమన్నారు. తమ పన్నెండు ఊళ్లను తామే పాలించుకుంటామన్నారు. జంగ్లాత్ సిబ్బందితో, భూస్వాములతో ఘర్షణలు పెరిగాయి. సర్కారు ఆసిఫాబాద్ అధికారిని మాటలకు పంపింది. భూములకు పట్టాలు ఇస్తామని కబురు వచ్చింది. భీం ఒప్పుకోలేదు. అరెస్టు చేసిన మనవాళ్లను వదలాలని, ఊళ్ల మీద తమ పాలన తమకే ఉండాలని పట్టుబట్టాడు.

పట్టా ఇస్తామన్నప్పుడు తీసుకుని ఉంటే బతికేవాడు కదా అని ప్రతి ఏడాదీ ఎవరో ఒక అమ్మాయి అడుగుతుంది. మంచి ప్రశ్న. నాకు తోచిన జవాబు చెబుతాను. మూడుసార్లు చేను పోగొట్టుకున్న మనిషికి, కాగితం ఇచ్చే చేయే దాన్ని చింపగలదని తెలుసు. ఆ కాగితాన్ని కాపాడే అధికారం ఊరి చేతిలో లేకపోతే పట్టా ఉన్నా భరోసా లేదు. తరువాతి కాలంలో ఏజెన్సీలో పట్టాలు వచ్చాక కూడా అప్పులకు, సంతకాలకు భూములు చేతులు మారిన తీరు చూస్తే ఆ పట్టుదల వెనక ఉన్న ఆలోచన అర్థమవుతుంది.

1940లో, పౌర్ణమి రాత్రి, తాలూక్‌దార్ అబ్దుల్ సత్తార్ నాయకత్వంలో సాయుధ పోలీసులు జోడేఘాట్‌ను చుట్టుముట్టారు. ఉన్న చోటు తెలిసింది మనలోని వాళ్ల నోటి నుంచేనని పెద్దలు బాధతో చెప్పుకుంటారు. తుపాకుల ముందు విల్లంబులు, బరిసెలు, నాటు తుపాకులు నిలవలేదు. భీం నేలకొరిగాడు. ఆయనతోపాటు పలువురు గోండు, కోలాం వీరులు ప్రాణాలు విడిచారు. అప్పటికి ఆయన వయసు నలభైకి అటూ ఇటూ. ఈ వ్యాసం రాస్తున్న నా వయసు కూడా ఇంచుమించు అదే.

ఆ తర్వాత ఏం వచ్చింది

జోడేఘాట్ కాల్పులు నిజాం సర్కారును కదిలించాయి. గోండులు ఎందుకు తిరగబడ్డారో తెలుసుకోవాల్సిన అవసరం ఏర్పడింది. ఆస్ట్రియా దేశపు మానవశాస్త్రవేత్త హైమండార్ఫ్ అప్పటికే హైదరాబాద్ రాజ్యంలో చెంచుల మధ్య పని చేస్తున్నాడు. ఆయన ఆదిలాబాద్ గోండుల మధ్యకు వచ్చి, భార్య బెట్టీ ఎలిజబెత్‌తో కలిసి మార్లవాయిలో ఉండి, భూమి గొడవలే అన్నిటికీ మూలమని తేల్చి చెప్పాడు. ఆదివాసులకు పట్టాలు ఇవ్వడం, వాళ్ల తగాదాలకు వేరే ఏర్పాటు చేయడం ఆయన సిఫారసులతో మొదలయ్యాయి. ట్రైబల్ ఏరియాల కోసం 1946లో ప్రత్యేక నిబంధన వచ్చింది.

నా వృత్తికి సంబంధించిన సంగతి ఒకటి ఉంది. 1943లో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయులకు శిక్షణా కేంద్రం పెట్టారు. గోండీలో వాచకాలు తయారుచేసి, గోండు యువకులనే పంతుళ్లుగా పంపించారు. అంటే ఈ జిల్లాలో మన భాషలో, మన పంతుళ్లతో బడి మొదలైంది భీం చనిపోయిన మూడేళ్లకు. ఇప్పుడు మనం నడుపుతున్న ఆశ్రమ పాఠశాలలు, హాస్టళ్లు ఆ దారిలో వచ్చినవే. సర్కారు దయతో మాత్రమే బడి వచ్చిందని పిల్లలు అనుకోకూడదు. దాని వెనక జోడేఘాట్ ఉంది.

స్వాతంత్ర్యం తర్వాత షెడ్యూల్డ్ ప్రాంతాల్లో భూమి బదలాయింపును కట్టడి చేస్తూ 1959లో ఒకటో నంబరు రెగ్యులేషన్ వచ్చింది. 1963లో తెలంగాణ ఏజెన్సీకి వర్తించింది. 1970లో దాన్ని ఇంకా గట్టి చేశారు. మనం మామూలుగా వన్ ఆఫ్ సెవెంటీ అనే చట్టం ఇదే. అయినా గొడవ తీరలేదు. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో మళ్లీ మన వాళ్ల మీద తూటాలు పేలాయి. అప్పటి డిమాండ్లలోనూ ముందున్నది భూమే. 2006లో అటవీ హక్కుల చట్టం వచ్చింది. అడవి మీద ఆదివాసికి హక్కు ఉందని, ఆ హక్కును గుర్తించే పని గ్రామసభతో మొదలు కావాలని ఆ చట్టం చెప్పింది. గ్రామసభ అనే మాట వింటే నాకు పన్నెండు ఊళ్లే గుర్తొస్తాయి.

2012లో హైదరాబాద్ ట్యాంక్‌బండ్ మీద భీం విగ్రహం నిలిచింది. 2016లో జోడేఘాట్‌లో స్మారకం, మ్యూజియం వచ్చాయి. అదే ఏడాది అక్టోబరులో ఆయన పేరుతో మన జిల్లా ఏర్పడింది. ఆసిఫాబాద్ దగ్గర పెద్దవాగు మీది ప్రాజెక్టుకూ ఆయన పేరే. ఏ కచేరీలో ఆయన దరఖాస్తుకు జవాబు రాలేదో, ఆ కచేరీల కాగితాల మీద ఇప్పుడు ఆయన పేరే పైన అచ్చై వస్తోంది.

మన ఇళ్లలో చేయాల్సింది

జూన్‌లో అడ్మిషన్లకు తల్లిదండ్రులు వస్తారు. కుల ధ్రువీకరణ, ఆధార్, రేషన్ కార్డు అన్నీ ఒక ప్లాస్టిక్ కవర్లో మడిచి తెస్తారు. వాటి మధ్య ఏదో పాత రసీదో, పహాణీ నకలో, పోడు భూమికి పెట్టుకున్న దరఖాస్తు కాగితమో ఉంటుంది. అడ్మిషన్‌కు దానితో పని లేదు. అయినా ఇంట్లో పెట్టి రావడానికి ధైర్యం చాలదు. నేను ఆ కాగితాన్ని పిల్ల చేతికిచ్చి చదవమంటాను. సర్వే నంబరు ఏది, విస్తీర్ణం ఎంత, ఎవరి పేరు మీద ఉంది, తారీఖు ఏది. ఏడో తరగతి పిల్ల తండ్రికి ఆ కాగితం చదివి వినిపించినప్పుడు ఆ తండ్రి ముఖం చూడాలి. లచ్చు పటేల్ దగ్గర భీం చేసింది ఈ పనే.

అందుకే ఈ వర్ధంతికి నాదొక విన్నపం. జోడేఘాట్ వెళ్లండి, పూజ చేయండి, గుస్సాడీ ఆడించండి, పాటలు పాడండి. ఇంటికొచ్చాక మీ పిల్లలతో ఒక నోటుబుక్కులో నాలుగు సంగతులు రాయించండి. మన కుటుంబం మొదట ఏ ఊళ్లో ఉండేది, అక్కడి నుంచి ఎందుకు కదిలింది, ఇప్పుడు దున్నుతున్న చేను ఎవరు చేశారు, దానికి ఏ కాగితం ఉంది. తాతలు, అవ్వలు బతికి ఉండగానే రాయించండి. హైమండార్ఫ్ వచ్చి రాసుకునేదాకా మన ఊళ్ల బాధ దఫ్తరుకు ఎక్కలేదు. ఇప్పుడు రాయడం వచ్చిన పిల్లలు మన ఇళ్లలోనే ఉన్నారు.

సంకేపల్లి, సార్దాపూర్, కాకన్‌ఘాట్, బాబేఝరి, జోడేఘాట్. ఒక కుటుంబం భూమి కోసం తిరిగిన ఊళ్లు ఇవి. ప్రతి గోండు ఇంటికీ, కోలాం ఇంటికీ, నాయకపోడు ఇంటికీ ఇలాంటి జాబితా ఒకటి ఉంటుంది. మీ జాబితా మీ పిల్లలకు తెలియాలి.

జోహార్ కుమ్రం భీం. జోహార్ జోడేఘాట్ అమరులకు.